రెండు మీద మూడు గీతలు

మా నర్సమ్మగారు పోయారు. ఈ కబురు నాకు పోయిన మంగళవారం పొద్దున్న పళ్ళు తోముకుంటుండగా ఫోన్లో తెలిసింది. మా ఆరోగ్య కార్యకర్తల గ్రూపులో నాగమణి గొంతు: "అక్కలూ, నర్సమ్మగారు తెల్లారగట్ల పోయారు. గుండె ఆగిందంట. నేను వాళ్ళింటి దగ్గరే ఉన్నా." అంతే. ఆ తర్వాత వరసగా దండాల బొమ్మలు. ఆ గ్రూపుకి అడ్మిన్ నర్సమ్మగారే. గుడ్ మార్నింగ్ పువ్వులు, దేవుడి పటాలు, దండాల బొమ్మలు పంపినవాళ్ళని ఆవిడ నిర్దాక్షిణ్యంగా తీసేసేవారు. "ఇది పని గ్రూపు" అని ఒక్క ముక్క రాసి, మర్నాడు మళ్ళీ చేర్చుకునేవారు. మొత్తం మీద నేను ఏడుసార్లు బహిష్కృతురాలిని. ఆ మంగళవారం అన్ని దండాలు వచ్చినా గ్రూపులోంచి ఒక్కరు కూడా పోలేదు. అప్పుడు నాకు కబురు నిజమేనని నమ్మకం కుదిరింది.

ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా ఆ అర్హత నాకుందని పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. మా మండలంలో ఆరోగ్య కార్యకర్తల సర్టిఫికెట్ పరీక్షలో మొట్టమొదట ఫెయిలైన మనిషిని నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, రికార్డు కోసం చెబుతున్నాను. బీఎస్సీ ఫస్టు క్లాసు, ముసునూరు దగ్గర మామిడి తోటలున్న రైతు కూతుర్ని, నోరు తెరిస్తే మూయని పిల్లనని పేరు. ఇన్ని యోగ్యతలున్న నన్ను ఫెయిల్ చేసింది నర్సమ్మగారే. నేను పుట్టిన కొత్తలో నాకు తొలి సూది వేసింది కూడా ఆవిడే కాబట్టి మా పరిచయం మొదట్నుంచీ ఏడుపు మీదే నడిచిందని చెప్పుకోవచ్చు.

ఆవిడకి ఒక పేరుండేది. పింఛను కాగితాల మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. ముసునూరు నుంచి చాట్రాయి దాకా, తోటల్లో గుడిసెలేసుకుని ఉండే కాపలా కుటుంబాల నుంచి డాబాలున్న రైతుల దాకా, అందరికీ ఆవిడ నర్సమ్మగారే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మొదట సైకిలు మీద, తర్వాత స్కూటీ మీద తిరిగారు. ఎవరింటికి వెళ్ళినా "బాగున్నారా" అని అడిగేవారు కాదు. "నీళ్ళు తాగారా?" అని అడిగేవారు. బాగున్నారో లేదో తను చూసుకుంటారట, నీళ్ళు తాగారో లేదో మాత్రం మనమే చెప్పాలట. చీర కొంగుకి పిన్నీసుతో పాటు ఒక గోళ్ళ కత్తెర వేలాడుతూ ఉండేది. ఎదుటివాళ్ళ గోళ్ళు పెరిగితే మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి పట్టుకుని కత్తిరించేసేవారు. ఒకసారి ఓట్లు అడగడానికి వచ్చిన ఒక పెద్దమనిషి నమస్కారం పెడితే, ఆ చేతులు అలాగే పట్టుకుని పది గోళ్ళూ తీసి పంపించారు. ఆయన ఆ చేతులతోనే గెలిచాడు కూడా.

ఆవిడ రిటైరయ్యాక, ఊళ్ళల్లో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకి పద్ధతిగా శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైనవాళ్ళకి సర్టిఫికెట్ ఇవ్వాలని సర్కారు వారు సంకల్పించారు. ముందు మా మండలంలో ఒక్క బ్యాచ్ నడిపి చూస్తారు. బాగుంటే మిగతా మండలాలకి కూడా పెడతారు, లేకపోతే ఫైలు మూసేస్తారు. ఇదీ షరతు. శిక్షణ ఇవ్వడానికి నర్సమ్మగారిని పిలిచారు.

దాని కోసం ఆవిడ ఎందుకంత పట్టుబట్టారో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఒకరోజు అడిగాను.

"ఇప్పుడు మాత్రం పని జరగడం లేదా నర్సమ్మగారూ? సంచీ ఇచ్చారు, రిజిస్టర్ ఇచ్చారు. తిరుగుతూనే ఉన్నారుగా."

"తిరుగుతున్నారు. నొప్పులొస్తున్న మనిషిని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్తారు. గేటు దగ్గర 'నువ్వెవరమ్మా, పక్కకి జరుగు' అంటారు. ఆ మనిషికి తొమ్మిది నెలలుగా ఏం జరిగిందో తెలిసింది దీనికొక్కదానికే. దాన్నే పక్కకి జరగమంటారు. దీని చేతిలో ఏం ఉండాలి?"

"కాగితం ఉండాలి."

"కాగితం ఉండాలి. ఆ కాగితం నిజమై ఉండాలి. రెండోది కష్టం."

ఆ రెండో మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

క్లాసులు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే మొదటి పేచీ వచ్చింది. జిల్లా వాళ్ళు నూజివీడులో ఏసీ ఉన్న ఒక హాలు చూశారు. నర్సమ్మగారు మీటింగులో ఒకే ఒక్క ప్రశ్న అడిగారట: "తోట పనికెళ్ళే మనిషి పని దిగి మీ హాలుకి రావడానికి బస్సు ఎన్నింటికండీ?" బస్సు సంగతి ఎవరికీ తెలియదు. దాంతో క్లాసులు మా ఊరి పొలిమేరలో ఉన్న మామిడికాయల షెడ్డుకి మారాయి. సీజన్ అయిపోయాక ఆ షెడ్డు ఖాళీగానే ఉంటుంది. ఒక మూల ప్లాస్టిక్ ట్రేలు కప్పు దాకా పేర్చి ఉంటాయి, నేలంతా వరిగడ్డి, దూలానికి పెద్ద కాటా. ఇరవై మందిమి ట్రేలు బోర్లించుకుని కూర్చునేవాళ్ళం. నర్సమ్మగారి కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. ఆవిడ దాని మీద రక్తపోటు మిషన్ని కూర్చోబెట్టి తను నిలబడేవారు.

మొదటి రోజు పిల్లల ఊపిరి లెక్కపెట్టడం నేర్పారు. పసిబిడ్డ పొట్ట లేవడం, దిగడం ఒక నిమిషం పాటు చూసి లెక్కపెట్టాలి. నేను చెయ్యెత్తాను.

"ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చవేస్తే సరిపోదాండీ? టైమ్ కలిసొస్తుంది."

"పసిబిడ్డ ఎక్కాలు చదువుకోలేదమ్మా. ఒకసారి గబగబా తీస్తుంది, ఒకసారి ఆపుతుంది. దానికి నీ బీఎస్సీ తెలీదు."

షెడ్డంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. వాచీ చూసుకుని, "ఇప్పుడు ఒక నిమిషం అందరూ ఊరికే కూర్చోండి. ఎవరూ మాట్లాడొద్దు. ఒక నిమిషమంటే ఎంతో తెలుసుకోండి" అన్నారు. పాఠకులు కావాలంటే ప్రయత్నించి చూడవచ్చు. నాకైతే ఆ నిమిషంలో నా జీవితంలో మాట్లాడకుండా ఉన్న మొత్తం కాలం గడిచిపోయింది. గడ్డిలో ఎలుక తిరగడం వినిపించింది. నిమిషం అయ్యాక ఆవిడ, "ఇంత సేపు ఒక బిడ్డ వంకే చూడగలిగితే చాలు. మిగతాదంతా నేను నేర్పుతా" అన్నారు.

నాగమణిని, నన్ను జంటగా వేశారు. నాగమణి మా తోటలో కాయల కోతకి వచ్చే మనిషి. సీజన్లో ఈ షెడ్డులోనే గడ్డి పరిచి కాయలు సర్దేది. ఏడో తరగతి చదివింది. నన్ను పుట్టినప్పట్నుంచీ చూసింది కాబట్టి, నా మీద ఏ భ్రమలూ లేకపోయినా, "అమ్మాయిగారు" అనే పిలిచేది. నర్సమ్మగారు రెండో రోజే ఆ మాట నిషేధించారు.

"ఇక్కడ అమ్మాయిగార్లు లేరు. అందరూ అక్కలే. దాన్ని అక్కా అను."

"నాకన్నా చిన్నదండి."

"అయితే చెల్లీ అను."

నాగమణి నా వంక చూసి, నోరు తెరిచి, మూసి, చివరికి "ఏవండీ" అంది. ఆ తర్వాత చాలాకాలం నేను నాగమణికి ఏవండీనే. మా నాన్నకి ఈ సంగతి తెలిసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. ఇంతసేపు జోకులతో దాన్ని వాయిదా వేస్తున్నానని చురుకైన పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు.

డిసెంబరు నెల. శిక్షణలో భాగంగా అప్పుడే పుట్టిన పిల్లలున్న ఇళ్ళకి వెళ్ళి మూడో రోజు, ఏడో రోజు, ఇలా బరువు చూసి రాయాలి. మాకు పడ్డ ఇల్లు తోట కాపలా వాళ్ళది, చెట్ల మధ్య తాటాకు పాక. తొలిచూలు ఆడపిల్ల. మా సంచీలో చిన్న స్ప్రింగు కాటా, దానికి తగిలించే గుడ్డ ఊయల ఉంటాయి. ఊయలలో బిడ్డని పడుకోబెట్టి కాటా పైకెత్తి పట్టుకోవాలి. బిడ్డ కదులుతుంది, ముల్లు ఊగుతుంది. అది నిలబడ్డాక అంకె చదవాలి. నాగమణి కాటా ఎత్తి పట్టుకుంది, నేను రాయాలి. ముల్లు రెండు కిలోల మీద మూడు గీతల దగ్గర ఆగింది, గీతకి వంద గ్రాములు.

బాలింత నా మొహంలోకే చూస్తోంది. వాళ్ళత్త గుమ్మంలో నిలబడి, "ఎంతుందమ్మా? మా కోడలికి పాలు లేవని నేను అంటానే ఉన్నా" అంది.

నేను రెండున్నర అని రాశాను.

ఎందుకు రాశానో చాలాసార్లు ఆలోచించుకున్నాను. మామిడి రైతు కూతుర్ని. ఈ షెడ్డులో పెద్ద కాటా పక్కన నిలబడి పెరిగాను. మా నాన్న కాయ ఎప్పుడు తూచినా, ఇంత తరుగు అని కొట్టేసి తక్కువే రాసేవాళ్ళు. గడ్డి బరువని, తొడిమ బరువని, ఏదీ కాకపోతే అలవాటని. ముల్లు ఎక్కడున్నా కాగితం మీదకి వచ్చేసరికి కొంత తగ్గేది. చిన్నప్పట్నుంచీ నాకు కాటా అంటే మన కాయకి అన్యాయం చేసే వస్తువని ఒంట్లో ఇంకిపోయింది. కాబట్టి నా చేతికి కలం వచ్చిన మొదటిరోజునే తరుగుకి ఎదురు కలిపాను. మా నాన్న కాయకి జరిగిన అన్యాయాన్ని ఆ పాప దగ్గర సరిచేశాను. బాలింత మొహం వికసించింది, అత్త నోరు మూతపడింది. నేను మహా న్యాయమూర్తిలా ఇంటికొచ్చాను.

ఏడో రోజు ముల్లు రెండు మీద ఒక్క గీత దగ్గర ఆగింది. కలపడం ఒకసారి మొదలుపెడితే కలుపుతూనే ఉండాలి, లేకపోతే మొదటి అంకె దొరికిపోతుంది. రెండు మీద నాలుగు అని రాశాను. చలికి బిడ్డ ముడుచుకుంది, అంతే అనుకున్నాను.

తొమ్మిదో రోజు నర్సమ్మగారు ఏ కారణమూ లేకుండా ఆ పాకకి వెళ్ళారు. మేము తూచిన ఇళ్ళన్నిటికీ వరసగా అలాగే వెళ్తున్నారని తర్వాత తెలిసింది. నాకు ఫోన్ చేసి, "ఇద్దరూ రండి" అన్నారు. మేము వెళ్ళేసరికి ఆవిడ పాకలో నేల మీద కూర్చుని ఉన్నారు. తల్లి రవికె విప్పించి, పాపని తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి, పైన తన స్వెట్టరు, దాని మీద దుప్పటి చుట్టారు. పాప ఏడవడం లేదు. ఏడవకపోవడం మంచిది కాదని అప్పటికి నాకు తెలుసు.

"కాళ్ళు ముట్టుకో" అన్నారు నాతో. ముట్టుకున్నాను. పొద్దున్న ట్రేలో మంచుకి తడిసిన కాయలా ఉన్నాయి.

"రెండు కిలోలు లేదు. ఆటో వస్తోంది. దారి పొడుగునా తల్లి ఒంటి మీంచి తియ్యొద్దు. నువ్వు ముందు కూర్చో, నాగమణి తల్లి పక్కన కూర్చుంటుంది."

ఆటోలో నూజివీడు దాకా ఆవిడ దుప్పటి సందులోంచి పాప డొక్క వంకే చూస్తున్నారు, వాచీ వంక చూస్తున్నారు. నేను ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, ఆవిడ పెదాలు లెక్కపెట్టడం చూశాను. నిమిషం అయ్యేది, మళ్ళీ మొదలుపెట్టేవారు. అంత శ్రద్ధగా ఒక మనిషి ఇంకో మనిషి ఊపిరిని చూడటం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. భయంతో పాటు నాకు ఇంకేదో కూడా కలిగింది. ఒక పెద్ద పనికి దగ్గరగా నిలబడ్డప్పుడు మనిషి చిన్నదైపోవడం అనుకుంటాను.

ఆసుపత్రి గేటు దగ్గర "ఎవరమ్మా" అన్నారు. నర్సమ్మగారిని గుర్తుపట్టి లోపలికి పంపారు. నాగమణిని మాత్రం పక్కకి జరగమన్నారు.

పాపని డాక్టరుగారు లోపల ఉంచుకున్నాక, వరండాలో ఆవిడ మా ఇద్దర్నీ నిలబెట్టారు. రిజిస్టర్ తెరిచారు. ముందు నన్ను కాదు, నాగమణిని అడిగారు.

"మూడో రోజు కాటా పట్టుకుంది నువ్వేగా. ముల్లు చూశావా?"

"చూశానండి."

"ఎంత?"

"రెండు మీద మూడు గీతలండి."

"ఇక్కడ రెండున్నర ఉంది."

నాగమణి కళ్ళు ఆ అంకె మీదకి వెళ్ళి, నా మీదకి వచ్చాయి.

"ఇది రాస్తుంటే చూశావా?"

"చూశానండి."

"మరి చెప్పలేదేం?"

"అమ్మాయిగారు రాస్తా ఉంటే మధ్యలో ఎట్టా అంటానండి. కాటా దగ్గర మేం అననండి. షెడ్డులో కూడా ఎప్పుడూ అనలేదు."

నర్సమ్మగారు రిజిస్టర్ మూశారు. నేను ఏడ్చాను. నా ఏడుపుకి ఆవిడ చలించలేదు. "నీళ్ళు తాగు" అన్నారు.

పాప తేరుకోవడానికి రోజులు పట్టింది. ఈలోగా జిల్లా నుంచి ఆఫీసరుగారు వచ్చే రోజు దగ్గరపడింది. ఆయన చూసి రాసేదాన్ని బట్టే ప్రోగ్రాం ఉంటుందో ఊడుతుందో తేలుతుంది. మాకు తెలిసినంతలో పై ఆఫీసులో సగం మంది, "మామిడికాయలు కోసేవాళ్ళకి సర్టిఫికెట్టా" అని అప్పటికే నవ్వుతున్నారు. నర్సమ్మగారు ఎన్నాళ్ళుగానో అడిగిన పని అది, ఇరవై మంది ఆడవాళ్ళ పని అది. నేను వెళ్ళి, నాకున్న తెలివితేటలన్నీ ఉపయోగించి మెల్లగా అన్నాను:

"పాప బాగానే ఉంది కదండీ. డాక్టరుగారు కూడా మనం టైముకి తెచ్చామన్నారు. ఆ రెండు అంకెలు రిజిస్టర్లో ఎవరు చూస్తారండీ?"

"నేను చూశానుగా" అన్నారు.

మీటింగు షెడ్డులోనే జరిగింది. చార్టులు, రంగు కాగితాలు, ఆఫీసరుగారికి కుర్చీ. ఆ రోజు కుర్చీ మీది బీపీ మిషన్ ట్రే మీదకి దిగింది. రిపోర్టు చదవాల్సింది నేను. బ్యాచ్‌లో గొంతు బాగుండేది నాకే. నర్సమ్మగారు నా చేతిలోంచి కాగితం తీసుకుని, తనే చదివారు. ఇన్ని ఇళ్ళు తిరిగాం, ఇన్ని క్లాసులు జరిగాయి అని చెప్పి, అదే గొంతుతో, "ఒక బిడ్డ బరువు రెండుసార్లు తప్పు రాశాం" అన్నారు. రాసిన అంకెలు చదివారు. ముల్లు చూపించిన అంకెలు చదివారు. నా పేరు చెప్పలేదు.

"రాసినవాళ్ళు అనుభవం లేనివాళ్ళండి. నేర్పింది నేను. తూచడం నేర్పాను, రాయడం నేర్పాను. పక్కమనిషి తప్పు రాస్తుంటే ఆపడం నేర్పలేదు. అది నా తప్పు. రిపోర్టులో నా పేరు రాశాను."

ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మంచి మనిషే. ఇబ్బందిగా, గొంతు తగ్గించి, "అమ్మా, ఇది కాగితం మీద పెడితే ప్రోగ్రాం ఆగిపోవచ్చు. పైన ఇలాంటిది ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తున్నారు. బిడ్డ క్షేమంగానే ఉందంటున్నారు. తప్పదంటారా?" అన్నారు.

"ప్రోగ్రాం ఆగితే మళ్ళీ అడుగుతామండి. ఆ పాప ఆగిపోయుంటే ఎవర్ని అడిగేవాళ్ళం?"

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. మొదటి రోజు ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టిన నిమిషం లాంటిదే, ఇది ఎవరూ కూర్చోబెట్టకుండా వచ్చింది. రిటైరైన ఒక నర్సు, అరిగిన చెప్పులు, కొంగుకి గోళ్ళ కత్తెర. తను కోరుకున్నదంతా తన చేత్తోనే పళ్ళెంలో పెట్టి ఇచ్చేస్తూ అంత మామూలుగా నిలబడి ఉంది. ఆ క్షణాన నాకు ఏ జోకూ తోచలేదు. ఇన్నేళ్ళకి కూడా ఆ సన్నివేశానికి సరిపడే జోకు నాకు దొరకలేదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. "తప్పు చెప్పి ఊరుకోవడానికి నిలబడలేదండి. ఇకమీదట ఎలా తూస్తామో కూడా చూసి వెళ్ళండి" అని నాగమణిని పిలిచారు. మామిడికాయల కాటా దగ్గర ఒక పద్ధతుంది. తూచే మనిషి బరువు కేకేస్తాడు, రాసే మనిషి అదే కేక తిరిగి వేసి అప్పుడు రాస్తాడు. షెడ్డులో ఎంతమంది ఉంటే అంతమందికీ వినపడాలి. నర్సమ్మగారు ఆ వారమంతా మాకు అదే నేర్పారు. ఒకరు ముల్లు చూసి గట్టిగా చెప్పాలి. తల్లో, అత్తో, ఇంట్లో ఇంకొకరు చూసి తిరిగి చెప్పాలి. రెండూ కలిస్తేనే కలం కదలాలి. తరుగు తియ్యడాలూ లేవు, కలపడాలూ లేవు.

ఊయలలో పెట్టడానికి ఆ రోజు బిడ్డ లేదు. ఆఫీసరుగారి ఫైళ్ళ సంచీ అందులో పడుకోబెట్టాం. నాగమణి కాటా ఎత్తింది. ముల్లు ఊగి ఆగింది.

"మూడు మీద రెండు గీతలూ" అని కేకేసింది.

నేను తిరిగి చెప్పాలి. ఆఫీసరు, జనం, పైగా కళ్ళల్లో నీళ్ళు. "మూడు మీద మూడు" అన్నాను. కావాలని కాదు. నిజంగానే తడబడ్డాను.

నాగమణి కాటా దించకుండా నా వంక చూసింది. వాళ్ళమ్మ, వాళ్ళమ్మమ్మ మా తోటల్లో పనిచేసినవాళ్ళు. ఆమె మొహం మీద ఏం నడుస్తోందో నాకు కనిపించింది.

"కాదండి" అంది. ఆగి, ఇంకొంచెం గట్టిగా, "రెండే. వచ్చి ముల్లు చూడు చెల్లీ" అంది.

నేను వెళ్ళి చూశాను. రెండే. నర్సమ్మగారు అప్పుడు మొదటిసారి నవ్వడం చూశాను. పై వరసలో ఒక పన్ను లేదు.

ఆఫీసరుగారు ఆ రోజు ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు. తర్వాత కొన్ని వారాలు మాకు అన్నం సహించలేదు. నర్సమ్మగారు మాత్రం సర్టిఫికెట్ వస్తుందో రాదో తెలియని క్లాసులు అదే టైముకి పెట్టి, అదే టైముకి గోళ్ళు చూశారు. చివరికి కాగితం వచ్చింది. బ్యాచ్ పూర్తి చేసుకోవచ్చు, వచ్చే ఏడు చాట్రాయి, ఆగిరిపల్లి వైపు కూడా మొదలుపెట్టవచ్చు, బరువు ఇద్దరు చదివి చెప్పే పద్ధతి అన్నిచోట్లా పాటించాలి. ఆవిడ ఆ కాగితం చదివారు. మడిచి రవికెలో పెట్టుకుని, "ఎవరక్కడ గోళ్ళు కొరుకుతోంది?" అన్నారు. నేనే.

పరీక్షలో రాతలో నాకు అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. ప్రాక్టికల్ కాగితం మీద నర్సమ్మగారు ఎర్ర సిరాతో "ఇంకా సిద్ధంగా లేదు" అని రాశారు. నాగమణికి "సిద్ధం" అని రాశారు. నేను వాదించలేదు. నా జీవితంలో వాదించకుండా వదిలేసిన విషయం అదొక్కటే. మర్నాడు రెండో బ్యాచ్‌లో చేరడానికి వెళ్తే, అడక్కుండానే నా పేరు రాసుకుని, "కోపమా?" అన్నారు.

"లేదండి."

"ఉంటే ఉండనీ. బిడ్డ మీద మాత్రం జాలి పడకు. ముందు చూడు. చూశాక పడు."

ఆ మాట నేను ఎక్కడా రాసుకోలేదు. రాసుకోవాల్సిన అవసరం రాలేదు. రెండో బ్యాచ్‌లో మాకు తూకం నేర్పడానికి వచ్చిన మనిషి నాగమణి. ఈసారి నేను పాసయ్యాను. ఆ పాప ఇప్పుడు తోటంతా పరుగెత్తుతోంది. సంచీ వేసుకుని ఎవరొచ్చినా సూది అనుకుని ట్రేల వెనక దాక్కుంటుంది.

మంగళవారం సంగతి చెప్పి ముగిస్తాను. నాగమణి కబురు చెప్పిన కాసేపటికి గ్రూపులో ఇంకో సందేశం పెట్టింది: "వచ్చేవాళ్ళు మార్చుకోడానికి చీర తెచ్చుకోండి. మధ్యాహ్నం విజిట్లు ఎవరివి వాళ్ళకి ఉన్నాయి." ముందు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. చావింటికి వెళ్ళొచ్చిన మనిషిని మా వైపు ఏ బాలింత ఇంట్లోనూ గడప దాటనివ్వరు. తలారా స్నానం చేసి గుడ్డలు మార్చుకుంటేనే రానిస్తారు. నర్సమ్మగారిని చూడాలి, పిల్లల్ని తూచాలి. రెండూ ఒక్క రోజులో జరగాలంటే మధ్యలో స్నానం పడాల్సిందే.

ముసునూరు నుంచి, చాట్రాయి నుంచి, ఆగిరిపల్లి నుంచి వచ్చారు. మూడు బ్యాచ్‌ల వాళ్ళూ. బండ్ల మీద, ఆటోల్లో, నడిచీ. ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడ్డారు. ఎవరూ ఎక్కువసేపు ఉండలేదు. ఊళ్ళోంచి వచ్చిన దూరపు బంధువు ఒకాయన వాకిట్లో విసుక్కున్నాడు.

"ఏంటమ్మా, మనిషిని ఇంకా లేవదీయను కూడా లేదు. అంతలోనే వెళ్ళిపోతున్నారేంటి అందరూ?"

"మూడో రోజు బిడ్డ ఉందండి" అంది నాగమణి. "ఆవిడుంటే ఇప్పటికే తిట్టేవారు."

ఇంటి వెనక తోటలో బోరు ఆన్ చేశారు. లావు పైపులోంచి నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. ఒకరి తర్వాత ఒకరు వంగి తల కింద పెడుతున్నారు. రైతుల ఇళ్ళవాళ్ళు, కూలీల ఇళ్ళవాళ్ళు, ఎవరి ముందు ఎవరు అన్న లెక్క లేకుండా. ఒకరు పోస్తే ఒకరు రుద్దుతున్నారు. చెట్ల మధ్య చీరలు అడ్డం కట్టి మార్చుకుంటున్నారు. ఏడుపు నీళ్ళల్లో ఎవరిదో తెలియడం లేదు. నేనూ తల వంచాను. ఫిబ్రవరి నీళ్ళు, ఇంకా చల్లగానే ఉన్నాయి.

తర్వాత బండ్లు ఒక్కొక్కటీ స్టార్టయ్యాయి. నాగమణి వెళ్ళాల్సింది తోట అవతలికి, దగ్గరే. సంచీ భుజాన వేసుకుని చెట్ల మధ్య నడుచుకుంటూ వెళ్ళింది. పూత నిండుగా ఉంది. విరబోసుకున్న తడి జుట్టు మీద సన్నగా రాలి అతుక్కుంటోంది. ఆమె దులుపుకోవడం లేదు, వెనక్కి చూడటం లేదు. ఆమె వెనక ఎండిన మట్టిలో నీటిచుక్కలు వరసగా కొంత దూరం కనిపించి, ఇంకిపోతున్నాయి.